బాపు ప్రశంసాపత్రం

మా బాపు వెంకటనర్సు నకిరేకల్‌లో మగ్గం మానేసి, హైదరాబాద్‌లో సైనిక డిపోలో గుడారాలు బాగుచేసే పనిలో చేరాడు. చినిగినచోట మాసిక వేయకుండా, మగ్గం మీద తెగిన పోగుల్ని అతికినట్టే అతకాలన్నది తోటి పనామె ఉప్పలమ్మ ఆలోచన. బాపు అలాగే అతికాక, వానకు గుడారాలు కారడం ఆగింది.

ఇద్దరికీ చదువు రాదు. ఈ పనికి డిపో ఇచ్చే అవార్డు దరఖాస్తు నాతో రాయిస్తూ, "ఇద్దరి పేర్లు రాయి బిడ్డా" అన్నాడు బాపు. కాగితంలో ఒక్క పేరుకే గడి ఉంది. ఎనిమిదితో బడి మానిన నాకు ఎవరినైనా అడగాలంటే సిగ్గు. బాపు పేరొక్కటే రాశాను, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సభలో బాపునొక్కడినే పిలిచారు. ఇద్దరి తరఫున అనుకొని, ప్రశంసాపత్రం తెచ్చి ఉప్పలమ్మ చేతిలో పెట్టాడు.

"మీ బాపు పెండ్లి పిలగాని లెక్క నిలవడ్డడు" అని నవ్వి, "నా పేరేడున్నది బిడ్డా?" అని అడిగిందామె.

ఆమె వేలు పట్టుకొని అధికారి సంతకం మీద పెట్టాను.