యాకూబ్ అన్న చేతిలో ఆగిన రాజు

నిన్న పొద్దున భూపాలపల్లిలో డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. మానుకోట నుంచి సలీం. యాకూబ్ అన్న కొడుకు.

"అక్కా, అబ్బా పోయిండు. గుండెనొప్పి అన్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది."

చెప్పులు ఒకటి వేసుకుని, ఒకటి వేసుకోకుండా అట్లాగే నిలబడిపోయాను.

ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మొన్న కలిసినప్పుడు చెకప్ చేయించుకో అంటే "చేయించుకుంట తియ్" అన్నాడు. ఆ మనిషికి తన గురించిన పట్టింపు ఎప్పుడూ లేదు.

ఆటలో కూడా అంతే.

తెలియని వాళ్ళకు చెప్తాను. మానుకోట అంటే మహబూబాబాదే. అక్కడి మార్కెట్లో యాకూబ్ అన్నది పరుపులు కుట్టే దుకాణం. సాయంత్రమైతే ఆ దుకాణం ముందే చెస్. ఇంటర్ చదివేటప్పుడు నేను అక్కడే ఆట నేర్చుకున్నాను.

అన్న వాళ్ళ నాయన దగ్గర పాత పద్ధతి నేర్చుకున్నాడు. ఒకే ఎత్తులో రాజును, ఏనుగును కదిపి రాజును ఓ పక్కకు దాచుకునే కాస్లింగ్ ఆ ఆటలో ఉండదు. చెక్ పడనంత వరకు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అందుకే అన్నకు రాజు గురించి తొందరే ఉండేది కాదు. రాజును మధ్యలో వదిలేసి, క్వీన్ సైడ్, అంటే మంత్రి వైపు బంట్లన్నీ తోసుకుంటూ పోయేవాడు.

"ముందు కాస్లింగ్ చేసుకో అన్నా" అని మొత్తుకునేదాన్ని.

"రాజు గాడ్నే ఉండనీ చెల్లె. దుముకు ఉంది గదా."

"గా దుముకు మీ నాయిన ఆటల ఉంటది. టోర్నమెంట్ల ఉండదు."

తెలుసు అనేవాడు. తెలుసు కూడా. చేతికే తెలియదు.

ఆ ఏడాది జనగామలో నలుగురేసి ఆడే టీం పోటీలు. అన్నా నేనూ ఒకే టీం. అక్కడి నుంచి స్టేట్ పోటీలకు వెళ్తే వచ్చే సర్టిఫికెట్ ఉంటేనే నాకు స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ సీటు. లేకపోతే చదువు అక్కడితో ఆపేయమని ఇంట్లో చెప్పేశారు. అన్నకు ఈ సంగతి తెలుసు.

చివరి రౌండ్. మా ముగ్గురి ఆటలూ అయిపోయాయి. అన్నది డ్రా అయినా చాలు, మేం స్టేట్‌కు.

తాడు అవతల నిలబడి చూస్తున్నాను. నోరు తెరవకూడదు. క్వీన్ సైడ్‌లో అన్న బంట్లు చాలా ముందుకు పోయాయి. రాజు మాత్రం పుట్టిన గడిలోనే ఉన్నాడు. ఎదురుగా అవతలి వాడి ఏనుగు. మధ్యలో అడ్డం అన్న గుర్రం ఒక్కటే.

అన్న చెయ్యి రాజు మీదకు పోయింది. ఎత్తాడు.

దూకించబోతున్నాడని నాకు అర్థమైంది.

చెయ్యి గాలిలో ఆగింది. గుర్తొచ్చింది.

ముట్టుకున్నాక రాజునే కదపాలి. ఒక పక్క శకటు, అదే బిషప్, ఇంకా కదల్లేదు, అటు కాస్లింగ్ కాదు. పక్క గడికి జరిగితే గుర్రం పోతుంది. మిగిలింది క్వీన్ సైడ్ కాస్లింగ్ ఒక్కటే. బంట్లన్నీ తోసేసి తనే ఖాళీ చేసుకున్న చోటు.

వేరే దారి లేక అక్కడే పెట్టాడు.

ఒక్కటి కలిసొచ్చింది. కాస్లింగ్‌తో అన్న ఏనుగు, అవతలి మంత్రికి ఎదురుగా ఉన్న తన మంత్రికి వెనక దన్నుగా వచ్చింది. ఇప్పుడు బంటు తోస్తే గెలవొచ్చు, గెలవకపోతే రాజు దొరికిపోతాడు. లేదంటే మంత్రులు మార్చుకుని చప్పటి ఆట ఆడాలి. మంత్రులు మార్చుకోవడమంటే అన్నకు అసహ్యం. అదేం ఆట అనేవాడు.

తలెత్తి నా వైపు చూశాడు. చాలాసేపు.

మంత్రులు మార్చేశాడు. తర్వాత డ్రా అడిగాడు. జీవితంలో మొదటిసారి అనుకుంటా.

అవతలి వాడు గడియారం చూసుకుని, బోర్డు చూసుకుని, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. చివరికి చెయ్యి కలిపాడు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అడిగాను, బంటు తోస్తే గెలిచేవాడివి కదా అన్నా అని.

"గెలుద్దునేమో. నా ఆట రేపు గూడ ఆడుకుంట. నీ సీటు మల్ల వస్తదా?"

స్టేట్ పోటీల్లో నా సర్టిఫికెట్‌కు ఢోకా లేదని తెలిశాక, అన్న తన ఆట తను ఆడుకున్నాడు. ప్రతి ఆటలోనూ రాజు మధ్యలోనే. అన్నీ ఓడిపోయాడు. నేను తిడుతుంటే హాయిగా చాయ్ తాగాడు.

ఎప్పుడూ తగ్గని మనిషి నా చదువు కోసం ఒక్కసారి తగ్గాడు. ఇంకో అన్న నాకు దొరకడు.

పోయిరా అన్నా. అల్లా నీకు చల్లని చోటు, నిమ్మళమైన నిద్ర ఇవ్వాలి.