బొంబాయి ఎయిర్‌పోర్టులో దోనె చప్పుడు

దెయ్యాలూ గాలులూ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడూ అంతే. మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా భూతవైద్యుణ్ణి పిలిచే రోజుల్లో, ఆ ఇళ్ల గుమ్మాల్లో నిలబడి పోట్లాడినవాణ్ణి నేను. బడి ముఖం చూడలేదు. ఎండుచేపలు చుట్టే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. చదివిందల్లా నమ్మే రకమూ కాదు.

కాబట్టి ఇది చదివి, ముసలాడికి చాదస్తం పట్టిందని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఏలూరుకి దిగువన కొల్లేటి ఒడ్డు. సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు పగలగొట్టించాక మా మగవాళ్లకి పని లేకుండా పోయింది. గట్లు వేస్తున్నన్నాళ్లూ చూస్తూ ఊరుకుని, ఒక్కసారిగా మిషన్లు దింపారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఆ దెబ్బతోనే మా తమ్ముడు సూరిబాబు మస్కట్ వెళ్లాడు. అక్కడ చేపలు నిలవచేసే ఐస్ గోడౌనులో పని.

మరుసటి ఏడు వానాకాలంలో కబురు వచ్చింది. పేర్చిన ఐస్ దిమ్మలు జారి తల మీద పడ్డాయట. తెలివి లేదు. చూసుకోవాలనుకుంటే త్వరగా రమ్మని డాక్టర్లు చెప్పారు. వాడి షావుకారు మంచివాడు, వీసా పంపించాడు. ఇంట్లో పాస్‌పోర్టు ఉన్నది నాకొక్కడికే. అదీ సూరిబాబు పోరు పెట్టి తీయించిందే.

మా మరదలు లక్ష్మి ఏడవలేదు. "బావగారూ, ఆయన కళ్లు తెరిచినా మూసినా పక్కన మన ముఖం ఒకటి ఉండాలండీ. అక్కడ ఆయన ఎవరికి తెలుసు?" అంది. అంతే.

టికెట్టు తాడేపల్లిగూడెంలో ఒక కుర్రాడి దగ్గర తీశాం. హైదరాబాదులో ఎక్కి బొంబాయిలో దిగి, అక్కడ మస్కట్ విమానం ఎక్కాలి. మధ్యలో టైం చాలుతుందా అని అడిగాను.

"బొంబాయిలో దిగడం ఒక గుమ్మం, ఎక్కడం ఇంకో గుమ్మం. అంతేనండి బాబాయిగారూ. ఏలూరు స్టేషన్లో ప్లాట్‌ఫారం మారినట్టే" అన్నాడు.

"నువ్వు మారావా ఎప్పుడైనా?" అన్నాను.

"నేను విమానమే ఎక్కలేదండి" అని నవ్వాడు.

ఆ రెండు గుమ్మాల మధ్య బస్సులో పోవాలని వాడికి తెలియదు. నాకూ తెలియదు. పైగా హైదరాబాదు విమానం వర్షం వల్ల ఆలస్యంగా దిగింది. మస్కట్ విమానం తప్పితే మళ్లీ నాలుగో రోజునే చోటు ఉందని విమానాలవాళ్లు ముందే చెప్పి ఉన్నారు. నాలుగు రోజులు సూరిబాబు ఆగుతాడన్న ధైర్యం నాకు లేదు.

బస్సు అద్దాలకి వాన తెర కట్టేసింది. బయట తెల్లగా తప్ప ఏమీ కనబడలేదు. అవతలి టెర్మినల్ దగ్గర దింపేశారు. లోపల మరమ్మతులు జరుగుతున్నాయి. ఎటు చూసినా నిలువెత్తు రేకులు అడ్డం పెట్టి, వాటి మధ్య సందులు వదిలారు. ఒక సందులోంచి వెళితే ఇంకో సందు. అడిగిన ప్రతివాడూ ఒక్కో వైపు చెయ్యి చూపించాడు. ఒకాయన నా టికెట్టు చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. మనిషికి దారి చెప్పడం కూడా చేతకాని ఇంత పెద్ద కట్టడం ఎందుకయ్యా అని తెలుగులోనే అరిచాను. ఎవరూ తిరిగి చూడలేదు. సంచి పట్టుకుని ఒక మలుపులో నిలబడిపోయాను.

అప్పుడు వినబడింది. టక్.

ఆ చప్పుడు గురించి కాస్త చెప్పాలి. మా కొల్లేట్లో చలికాలం తెల్లవారుజామున మంచు దిగితే పక్క మనిషి కనబడడు. తాటి దోనెలు వరసగా పోతాయి. అందరికన్నా ముందున్నవాడు గెడతో దోనె అంచు మీద ఒక్క దెబ్బ కొడతాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరూ రెండేసి దెబ్బలు కొట్టి, వస్తున్నామని చెబుతారు. నోటితో పిలవరు, మంచులో మాట ఎటునుంచి వచ్చిందో తెలియదు. వెనకనుంచి జవాబు రాకపోతే ముందువాడు కదలడు. అక్కడే ఆగి, వచ్చేదాకా కొడుతూనే ఉంటాడు.

నేను విన్నది తడిసిన తాటి చెక్క చప్పుడు. రేకుదీ కాదు, ఇనుపదీ కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ విన్నదాన్ని పోల్చుకోలేనా?

చేతిలో గొడుగు ఉంది, చెక్క పిడిది. ఏం ఆలోచించానో తెలియదు, దాంతో రేకు మీద రెండు కొట్టాను. కాస్త దూరంనుంచి మళ్లీ ఒక్కటి. అటు నడిచాను. మలుపు దగ్గర ఆగితే మళ్లీ ఒక్కటి, ఎడమ పక్కనుంచి. నేను రెండు. ఇలా ఎన్ని మలుపులు తిరిగానో లెక్కలేదు. నా రెండు దెబ్బలకి ముందు ఇంకో రెండు వినిపించినట్టుండేది. రేకులు మారుమోగుతున్నాయి కాబోలనుకున్నాను. పక్కనుంచి మనుషులు సామాన్లు తోసుకుంటూ పోతున్నారు. ఒక్కరూ ఆ చప్పుడుకి తల తిప్పలేదు.

సగం దారిలో నామీద నాకే కోపం వచ్చింది. ఊరందరి మీదా ఎగిరిపడినవాణ్ణి, ఇక్కడ చప్పుడు వెంట పడి పోతున్నానా? ఆగిపోయాను. గొడుగు చంకలో పెట్టుకున్నాను. జవాబు కొట్టలేదు.

చప్పుడు ముందుకి పోలేదు. ఒకే చోటినుంచి, ఆగకుండా, ఒక్కొక్క దెబ్బ. టక్. టక్. నాన్న తరంనుంచీ మంచులో ఎవరైనా వెనకబడితే కొట్టేది అలాగే. ఇక నిలబడలేకపోయాను. రెండు కొట్టి, దాదాపు పరుగెత్తాను.

ఆఖరి రేకు దాటగానే ఎదురుగా మస్కట్ విమానం కౌంటరు. అక్కడి అమ్మాయి బోర్డు తీసేస్తోంది. నన్ను చూసి హిందీలో ఏదో విసుక్కుని, మళ్లీ కుర్చీలో కూర్చుంది. చప్పుడు ఆగిపోయింది. విమానం అందింది.

మస్కట్ ఆసుపత్రిలో సూరిబాబుతో కలిసి అద్దెగదిలో ఉండే రామరాజు ఎదురొచ్చాడు. మా వైపు ఉండి అనే ఊరివాడు. తమ్ముడు బతికే ఉన్నాడని అతను చెప్పాకే నేను ఊపిరి పీల్చుకున్నాను. తమ్ముడి కుడి చెయ్యి మంచానికి గుడ్డతో కట్టి ఉంది. ఎవరు కట్టారని గట్టిగానే అడిగాను.

"నర్సమ్మ కట్టిందండి. ఇవాళ మధ్యాహ్నం ఒకటే గోలండి బాబూ" అన్నాడు రామరాజు. "తెలివి లేదు గానీ, వేళ్లతో మంచం ఊచ మీద కొట్టడం, ఆగి వినడం. మళ్లీ కొట్టడం. సెలైను సూది ఊడిపోతుందని కట్టేశారు."

"ఎలా కొట్టాడు?"

రామరాజు ఊచ మీద కొట్టి చూపించాడు. రెండు. కాసేపు ఆగి, మళ్లీ రెండు.

అప్పటిదాకా, నమ్మనంటూనే, నాకు దారి చూపించింది మా తమ్ముడేనని మనసులో ఒక మూల అనుకుంటున్నాను. కానీ రెండు దెబ్బలు వెనక దోనెవాడివి.

కొన్నాళ్లకి వాడు కళ్లు తెరిచాడు. మాట తిరిగి వచ్చాక ఒకరోజు గంజి తాగిస్తుంటే తనంతట తనే చెప్పాడు. నేను ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు.

"ఒకటే మంచు అన్నయ్యా. ఎటు పోవాలో తెలీలేదు. ముందెవరో కొడుతుంటే రెండేసి కొట్టుకుంటూ వచ్చాను. నా వెనకాల ఇంకోడున్నాడు. ఆ వెధవ మధ్యలో జవాబు మానేశాడు. వాడికోసం ముందువాడు ఆగిపోయాడు, నేనూ ఆగిపోయాను. చలికి చచ్చాననుకో. ఎవడో చేతకాని సన్నాసి."

ఆ సన్నాసిని నేనేనని చెప్పలేదు. ఇంకో స్పూను గంజి అందించి, వేడిగా ఉంది ఊదుకోమన్నాను.

"ముందున్నది ఎవర్రా?" అని మాత్రం అడిగాను.

"మంచులో ఎలా కనబడతాడు? నువ్వే అనుకున్నాను."

సూరిబాబు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు గానీ దోనె బాగానే నడుపుతాడు. చదువుకున్న అల్లుడొకడు, అది కంగారులో నా చెవికి తోచిన భ్రమ అన్నాడు. సరే, నా చెవికి భ్రమ. సముద్రం అవతల తెలివిలేనివాడి వేళ్లకి ఎవరు చెప్పారు? మధ్యలో నేను ఆగిన సంగతి వాడికి ఎలా తెలిసింది? ఊళ్లో ముసలమ్మలు, ముందు కొట్టింది ఎప్పుడో పోయిన మా నాన్నే అంటారు. వాళ్ల మీదా విరుచుకుపడ్డాను. మా నాన్న కైకలూరు దాటి ఎరగడు, బొంబాయి రేకుల మధ్య దారి ఆయనకేం తెలుసు?

నేను కొట్టినవి రెండేసి. నా తమ్ముడు కొట్టినవీ రెండేసి. ఆ ఒక్క దెబ్బ ఎవరిదో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.