ఆషాఢంలో హాకీ చూసిన మా బావ

ఆ రోజులంటే మరీ తాతల నాటి రోజులేం కావు, మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన రోజులే. అయినా నాకు మాత్రం ఒక యుగం గడిచినట్టుంటుంది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, పొట్ట రాలేదు, నరసరావుపేట మొత్తానికి హాకీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్న నమ్మకం కూడా ఇంకా చెదరలేదు. మా ఇనప సామాన్ల కొట్లో నాన్న పక్కన కూర్చుని పారలు, గడ్డపారలు, మోటారు బోల్టులు అమ్మేవాణ్ణి. బోల్టు కోసం వచ్చిన రైతుకి బోల్టు ఇచ్చి, చిల్లర ఇచ్చేలోగా మన హాకీ జట్టు భవిష్యత్తు గురించి నాలుగు ముక్కలు చెప్పి పంపేవాణ్ణి. (చిల్లర చేతిలో పడేదాకా కదల్లేడు కాబట్టి పాపం వినేవాడు.) వీధిలో అందరూ నన్ను "హాకీ" అనే పిలిచేవాళ్ళు. అందులో వెటకారం ఉందని నాన్న అనేవాడు. నాకు మాత్రం అది బిరుదులాగే వినిపించేది.

అభిమానం అన్నాను గాని, నిజానికి నాలో అభిమానం కన్నా కుళ్ళు ఎక్కువ. క్రికెట్ అంటే కుళ్ళు. ఎదురింటి టైలర్ బాబాయి మిషన్ తొక్కుతూ కూడా స్కోరు అడుగుతుంటే నా ఒళ్ళు మండిపోయేది. పంజాబువాళ్ళంటే కుళ్ళు, ఊరికో హాకీ మైదానం ఉంటుందట. ఒడిశావాళ్ళంటే మరీనూ. వాళ్ళకి నీళ్ళు చల్లిన నీలపు మైదానాలున్నాయని టీవీలో చూసినప్పుడల్లా, వేసవిలో పర్రెలు విచ్చే మా నల్లరేగడి నేల గుర్తొచ్చి కళ్ళలో నిప్పులు పోసుకునేవాణ్ణి. ఆటగాళ్ళని తయారు చేయడం గురించి నాకొక సిద్ధాంతం ఉండేది. మా పల్నాట్లో ఆడపిల్లలు పొద్దున్నించి సాయంత్రం దాకా నడుం వంచి మిరపకాయలు కోస్తారు. హాకీ అంటే ఏమిటి? నడుం వంచి పరిగెత్తడమే. ఆ నడుములకి తలా ఒక కర్ర ఇచ్చి, గురజాల దగ్గరో మాచవరం దగ్గరో ఒక మంచి మైదానం వేయిస్తే, దేశం జట్టులో సగం మంది మనవాళ్ళే ఉంటారు. ఈ సిద్ధాంతాన్ని వినని రైతు మా చుట్టుపక్కల మండలాల్లో లేడు.

నిజం చెప్పాలంటే ఆ సిద్ధాంతానికి సగం యజమాని మా అక్క. హైస్కూల్లో హాకీ ఆడింది అదే. సెలవుల్లో మా కొట్టు వెనక ఖాళీ స్థలంలో అది కొడుతుంటే నేను బంతి ఏరుకొచ్చేవాణ్ణి. నా హాకీ పరిజ్ఞానంలో ఆడిన భాగం తక్కువ, బంతి కోసం తుమ్మ కంపలో దూరిన భాగం ఎక్కువ. మ్యాచ్ వస్తే ఇద్దరం టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. అది తిడుతూ, నేను తలూపుతూ. (అది అన్న మాటల్లో కొన్ని మర్నాడు కొట్లో నా మాటలుగా చలామణి అయ్యేవి. ఇంట్లో వస్తువు ఎవరు వాడుకుంటే ఏమిటి?)

ఆ ఏడు అక్క పెళ్ళయింది. మాచర్లలో ఎరువుల కొట్టున్న అబ్బాయి. కరోనా వల్ల యాభై మందిని కూడా పిలవకుండా తాళి కట్టించేసి పంపించారు. దాని అదృష్టమో నా అదృష్టమో, పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆషాఢం వచ్చి అక్క పుట్టింటికి వచ్చేసింది. ఏడాది ఆలస్యమైన ఒలింపిక్స్ కూడా సరిగ్గా ఆషాఢంలోనే పడ్డాయి. మా పురోహితుణ్ణి అడిగి ముహూర్తం పెట్టుకున్నారేమో అనిపించింది నాకు. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు కాబట్టి బావ మాచర్లలో ఉండాలి, అక్క నాతో హాకీ చూడాలి. ఇంతకన్నా మంచి ఆచారం మన పెద్దలు పెట్టలేదని ఆ వారం నేను గట్టిగా నమ్మాను.

మొదట్లోనే ఒక మ్యాచ్‌లో మన మగవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. ఆ మర్నాడు నేను కొట్లో తీర్పు చెప్పేశాను. "అయిపోయింది బాబాయ్. కుర్రాళ్ళని పైకి తేవడం మనోళ్ళకి చేతగాదు. లీగు కూడా దాటరు. రాసిపెట్టుకో." టైలర్ బాబాయి చెవి మీద సుద్దముక్క సర్దుకుంటూ, "అంతేనంటావా హాకీ?" అన్నాడు విచారంగా. చూశారా, నా మాటకి అంత విలువ!

తర్వాతి మ్యాచ్ రోజు పొద్దున్నే షట్టరు పైకి లేపుతుంటే ఎదురుగా బైకు ఆగింది. హెల్మెట్ తీస్తే బావ. పిడుగురాళ్ళ సున్నం దుమ్మంతా జుట్టు మీదే ఉంది.

"హాకీ చూద్దామని వచ్చినా మామయ్యగారూ," అన్నాడు నాన్నతో. "మా ఇంట్లో టీవీ సరిగ్గా రావట్లా."

మాచర్లలో టీవీ రాకపోతే నరసరావుపేట రావాలా? ఈ ప్రశ్న నాకొక్కడికే వచ్చింది. మిగిలినవాళ్ళకి గడప సమస్య వచ్చింది. లోపల్నించి అమ్మ, "అయ్యో, అల్లుడుగారా! లోపలికి రాబాకండి!" అని కేకేసి, ఆ మర్యాదలేని మాటకి తనే నొచ్చుకుని, "రండి, కూర్చోండి, కానీ రాబాకండి," అంది. కొత్తల్లుణ్ణి వీధిలో నిలబెడితే పరువేంకాను? నాన్నకి ఏం తోచక చెమటలు తుడుచుకుంటున్నాడు. అప్పుడు నాయనమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి షట్టరుని కిందనించి పైదాకా చూసింది.

"షట్టరుకి గడప యాడుందిరా? ఇనప రేకు. పైకి లేస్తది, కిందకి దిగుద్ది. గడపంటే పసుపు రాయాల, బొట్టు పెట్టాల. దీనికి గ్రీజు రాస్తన్నాం గాని పసుపు రాస్తన్నామా?"

కోర్టులో జడ్జి కూడా ఇంత శుభ్రంగా తీర్పు చెప్పలేడు. అల్లుడు కొట్లోకి రావచ్చు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్న లోపలి గడప దాటి ఆయన అటు పోకూడదు, అమ్మ ఇటు రాకూడదు. మరి టీవీ ఉన్నది ఇంట్లో కదా? టీవీకి ఆషాఢం లేదు కాబట్టి, నా టీవీని నేనే మోసుకొచ్చి గడ్డపారల పక్కన పెట్టాను.

ఇక నా కష్టాలు చెప్పుకుంటే తీరవు. అమ్మ గడప అవతల్నించి పెసరట్లు వేసి పంపుతుంటే అక్క మోసుకొచ్చి బావకి పెడుతుంది. పెట్టి వెళ్ళిపోదు. అల్లం పచ్చడి చాలా, నీళ్ళు చాలా అని అడుగుతూ అక్కడే నిలబడుతుంది. నాకు మాత్రం, "నువ్వు తర్వాత తిందువులేరా." సరే, తిండి సంగతి వదిలేద్దాం. బావ మ్యాచ్ మొదలవగానే నా చెవిలో, "మనోళ్ళు నీలం బట్టలా?" అని అడిగాడు. హమ్మయ్య, ఈయనకేమీ తెలియదు అని నేను ఊపిరి పీల్చుకున్నాను. కాసేపటికి టైలర్ బాబాయి వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఏం హాకీ, ఈళ్ళ పని అయిపోయినట్టేగా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు.

"లేదు బాబాయ్. ఒక్క ఓటమికి జట్టుని కొట్టిపారేయగూడదు. గోల్ కాసే గోలీ గట్టోడు. మధ్యలో ఆడే కుర్రాళ్ళు చానా కాలంగా కలిసి పెరిగినోళ్ళు. ఈళ్ళు పతకం తెస్తారు."

బావ అక్కడితో ఆగలేదు. నీళ్ళు తాగి, "అసలు మన పల్నాటి పిల్లల్ని చూడండి. నడుం వంచి మిరపకాయలు కోస్తారు. ఆ నడుములకి కర్రలిస్తేనా..." అన్నాడు.

నా మిరపకాయలు! నా నడుములు! ఇన్నేళ్ళుగా పంచిపెడుతున్న సిద్ధాంతం, ఎరువుల కొట్టాయన నోట్లోంచి! పైగా టైలర్ బాబాయి మొదటిసారి విన్నట్టు మొహం పెట్టి, "ఎంత మాట చెప్పారండీ," అన్నాడు. నేను అదే మాట ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో ఆయన కుట్టిన చొక్కాలకి తెలుసు. ఆ రోజు మనవాళ్ళు గెలిచారు. దాంతో బావ ఋషి అయిపోయాడు.

అక్కణ్ణించి మ్యాచ్ ఉన్నప్పుడల్లా పొద్దున్నే బైకు. వీధిలోవాళ్ళు స్టూళ్ళు తెచ్చుకుని మరీ వచ్చి కూర్చునేవాళ్ళు. పెనాల్టీ కార్నర్ వస్తే అందరి తలలూ బావవైపు తిరిగేవి. ఆయన గడ్డం నిమురుకుని, "బంతిని చూడగూడదు, కర్రని చూడాల. కర్ర అబద్ధం చెప్పదు," అనేవాడు. అబ్బబ్బ! నేను బోల్టులు తూకం వేస్తూ పళ్ళు నూరుకునేవాణ్ణి. ఆఖరికి ఒకరోజు టైలర్ బాబాయి వీధి మలుపులో నన్ను చూసి, "ఏమోయ్, మన హాకీ ఎప్పుడొస్తాడు?" అన్నాడు. నన్నే నా గురించి అడుగుతున్నాడనుకున్నాను. తీరా చూస్తే బావ గురించి. బిరుదు కూడా పోయింది.

సెమీఫైనల్లో మనవాళ్ళు ఓడినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మధ్యలో ఎక్కడో, బావ మొహం చూసి చిన్న ఉపశమనం కూడా వచ్చింది. ఇక మిగిలింది కాంస్య పతకం మ్యాచ్. గెలిస్తే బావ జోస్యం నిజమవుతుంది, నేను జన్మలో కొట్లో హాకీ మాట ఎత్తలేను. ఓడితే నా మాట నిలుస్తుంది, కానీ నా జట్టు ఓడిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఎదురుచూసిన పతకం గుమ్మం దాకా వస్తే, దాన్ని తెచ్చేది మా బావ అని కుళ్ళుకుంటూ కూర్చున్నవాడు దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ పొద్దున కొట్లో చీమ దూరే సందు లేదు. మొదట వెనకబడ్డాం. నేను బావవైపు చూశాను. తర్వాత వరసగా గోల్స్ కొట్టి ముందుకెళ్ళాం. నాకు తెలియకుండానే లేచి నిలబడి అరిచేశాను. ఒక్క గోల్ ఆధిక్యంతో ఆట ముగుస్తుందనగా, చివరి క్షణాల్లో అవతలివాళ్ళకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. అది గోలైతే మళ్ళీ సమానం. వీధి మొత్తం బావవైపు తిరిగింది. బావ నోరు తెరిచాడు గాని మాట రాలేదు. కళ్ళు మాత్రం లోపలి గడపవైపు పోయాయి. అక్కడ ఇడ్లీ పళ్ళెంతో నిలబడి ఉన్న అక్క, పళ్ళెం సంగతి మర్చిపోయి, టీవీలోని గోలీని చూస్తూ అరిచింది.

"బంతిని చూడబాక! కర్రని చూడు! కర్ర అబద్ధం చెప్పదు!"

గోలీ ఆపేశాడు. ఆట అయిపోయింది. పతకం వచ్చేసింది. ఆ తర్వాత జరిగింది ఎవరూ చేయాలని చేసింది కాదు. బావ ఎగిరి గంతేసి, ఒక్క అంగలో అక్కవైపు గడప దాటేశాడు. సరిగ్గా అప్పుడే లోపల్నించి అమ్మ, "గెలిచామంటనే!" అని అరుస్తూ కొట్లోకి గడప దాటేసింది. ఇద్దరూ గడప మీద భుజాలు రాసుకుని, అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ అయ్యి, అప్పుడు గుర్తొచ్చి రాయిలా బిగుసుకుపోయారు. ఇడ్లీలు మేకుల డబ్బాలో పడ్డాయి. అందరం నాయనమ్మ వంక చూశాం. ఆవిడ కర్ర నేలకేసి తట్టి, "పతకం వచ్చిన రోజు పట్టింపు లేదులే," అంది. ఆ నియమం ఏ శాస్త్రంలో ఉందని ఎవరూ అడగలేదు.

జనం వెళ్ళాక బావ నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "నీ కాడ దాపరికమెందుకు బామ్మర్దీ. నాకు హాకీ అంటే ఏందో తెలవదు. సాయంత్రం మీ అక్క ఫోన్లో పాఠం చెప్పుద్ది, పొద్దున్నే వచ్చి ఈడ అప్పజెప్తన్నా."

ఆ మాటలన్నీ నావని పోట్లాడదామనుకున్నాను. అవి నావి కూడా కావని గుర్తొచ్చి ఊరుకున్నాను. లోపలికెళ్ళి అక్కని నిలదీశాను. "పక్కన నేనుండగా ఆయన్ని ఎందుకే తయారు చేస్తన్నావ్?"

అక్క మేకుల్లోంచి ఏరిన ఇడ్లీలు కడుగుతోంది (అవి తర్వాత నాకే పెట్టింది). తలెత్తకుండానే అంది: "ఆషాఢం అయిపోతే నేను మాచర్ల పోవాల్రా. ఆడ నేను ఎవరితో చూడను? ఒక్కదాన్నే కూచుని చూసుకోవాలంటే భయమేసింది. అందుకని ఈయనకి నేర్పుకుంటన్నా."

ఇన్ని రోజులూ కొట్లో నా పెద్దరికం పోతోందని కుళ్ళుకున్నాను గాని, పోతున్నది అది కాదు. చాప మీద నా పక్కనుండే మనిషి పోతోంది. పెళ్ళిలో అందరూ ఏడుస్తుంటే నవ్వుతూ కుర్చీలు సర్దినవాణ్ణి, అప్పుడు నీళ్ళ గోలెం దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

మర్నాడు మన ఆడవాళ్ళ జట్టుకి కూడా కాంస్య మ్యాచ్. పోరాడి పోరాడి ఓడిపోయారు. అక్క వెక్కివెక్కి ఏడ్చింది. ఇంతకుముందైతే నా భుజం గుద్ది ఏడ్చేది. అలవాటుగా నేను భుజం ముందుకి పెట్టి కూర్చున్నాను. అది బావ చేతిరుమాలు తీసుకుంది. బావకి కూడా కళ్ళు తడిశాయి. నీలం బట్టలు మనవాళ్ళవేనా అని అడిగిన మనిషి! అక్క శిక్షణలో అంత లోతు ఉంది మరి. నేను భుజం వెనక్కి తీసుకుని, వచ్చిన రైతుకి గడ్డపార చూపించాను.

ఇప్పుడు బావకి నాకన్నా ఎక్కువ తెలుసు. కుర్ర జట్టులో ఎవడు పైకొస్తాడో, ఎవడు రాడో ఎరువు బస్తాల మీద కూర్చుని చెబుతాడట, మాచర్లంతా వింటుందట. విననీండి. అయితే ఒక్క సంగతి. మ్యాచ్ అయిపోగానే, గెలిచినా ఓడినా, అక్క ఆయన పక్కనుంచి లేచి వసారాలోకొచ్చి నాకు ఫోన్ చేస్తుంది. "చూశావంట్రా?" అని మొదలుపెట్టి అరగంట తిడుతుంది, నేను ఇక్కడ తలూపుతాను. ఆ అరగంటా బావ లోపల ఒక్కడే కూర్చుని ఉంటాడు. అసూయపడతాడో లేదో నాకు తెలియదు. పడాలని మాత్రం నా కోరిక.