బాగైపోయిందని మేం రాసిన పిల్ల

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు నన్ను ఒక దినపత్రిక నెల్లూరు ఎడిషన్‌లో కుటుంబం పేజీకి ఇన్‌ఛార్జిగా వేశారు. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. అంటే విలేఖరులు పంపిన కాపీని చదివి, కత్తిరించి, హెడ్డింగు పెట్టి పేజీలో కూర్చోబెట్టడం. ఎంత చప్పటి కాపీనైనా నిలబెడతానని నాకు పేరు. ఆ పేరు చూసుకుని కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల గురించి వారానికో కథనం వేయాలనుకున్నాం. మొదటిదానికి నేనే మైపాడు వెళ్లాను. అక్కడ మస్తానమ్మ అనే ఆవిడ, పడవ మీద వేటకు వెళ్లే ఆమె భర్త శీనయ్య, తొమ్మిదేళ్ల కూతురు సుజాత. పాపకు మాటలు రావు. పడవ ఇంజను మోత వింటే చెవులు మూసుకుని అక్కడే కూలబడుతుంది. మస్తానమ్మ వారానికి రెండుసార్లు పిల్లను బస్సులో నెల్లూరు శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లేది. ఏడాదిన్నర తిరిగాక, ఆకలేసినప్పుడు కంచం బొమ్మ ఉన్న కార్డు తెచ్చి తల్లి చేతిలో పెట్టడం సుజాతకు అలవాటైంది. నా ఎదుటే ఒకసారి తెచ్చి పెట్టింది. అప్పుడు మస్తానమ్మ ముఖం చూసి నాకే కళ్లు చెమర్చాయి.

కుటుంబం పేజీకి ఒక పద్ధతుంది. కథనం కష్టంతో మొదలై గెలుపుతో ముగియాలి. కార్డు దగ్గర ఆపితే ఆ గెలుపు చాలదనిపించింది నాకు. 'ఆటిజాన్ని జయించిన అమ్మ' అని నాలుగు కాలమ్‌ల హెడ్డింగు పెట్టి, పాప ఇప్పుడు అందరు పిల్లల్లాగే ఉందని చివర ఒక వాక్యం చేర్చాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, అది నా సొంత కవిత్వం.

రెండు నెలలకు మస్తానమ్మ ఫోన్ చేసింది. పేపరు చదివించుకుని విన్న శీనయ్య శిక్షణ మాన్పించేశాడట. "బాగైపోయిందని మీరే రాసినారు గదా మేడం. ఇంక నెల్లూరికెందుకంటున్నాడు. పాప ఇప్పుడు కార్డు ముట్టడంలా" అంది. దొరవారిసత్రం నుంచి ఇద్దరు తల్లులు ఆ కటింగు పట్టుకొచ్చి ఏం మందు వాడావని అడిగారట. మందేమీ లేదంటే, చెప్పకుండా దాస్తోందని కోపం తెచ్చుకుని వెళ్లిపోయారట. వింటుంటే నాకు సిగ్గేసింది.

మర్నాడే మైపాడు వెళ్లి, తప్పు నాదేనని శీనయ్యకు చెప్పాను. వల బాగుచేసుకుంటూ మొత్తం విన్నాడు. "నోటి మాట ఎవరు నమ్మతారు మేడం? అదేదో పేపర్లోనే వేయండి" అన్నాడు.

మా దగ్గర సవరణ అంటే లోపలి పేజీలో, అడుగున, అగ్గిపెట్టెంత జాగా. అది శీనయ్య దాకా చేరదు. పెద్దగా వేద్దామంటే పత్రిక పరువు పోతుందన్నారు ఎడిషన్ ఇన్‌ఛార్జి గారు. పోయేది నా పరువేనని చెప్పి నా పేరుతో రాసిచ్చాను. నాలుగు రోజులు వాదించాక అదే పేజీలో, అదే నాలుగు కాలమ్‌లలో వచ్చింది: 'సుజాతకు ఆటిజం ఉంది, శిక్షణ కావాలి.' ఈసారి అచ్చుకు పంపేముందు ప్రతి వాక్యాన్నీ మస్తానమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆ వారమే శీనయ్య ఒకరోజు వేట మానుకుని, కూతురితో తనే బస్సెక్కాడు.

అయినా ఆ ఏడాదంతా మస్తానమ్మ ఇంటికి ఎక్కడెక్కడి తల్లులో వస్తూనే ఉన్నారు. అందరి చేతుల్లోనూ మొదటి కటింగే. సవరణ పట్టుకొచ్చిన మనిషి ఒక్కరూ లేరు. తప్పు అచ్చయితే తర్వాత దిద్దుకోవచ్చులే అనే ధీమా నాకు అప్పటితో పోయింది.