పాలకేంద్రం దగ్గర పాఠం

మార్చి నెలలో ఒకరోజు పొద్దున నేను బస్సు దిగేసరికి, మా బడి ఉన్న ఊళ్ళో పాలకేంద్రం పక్కన పసుపుపచ్చ వ్యాను ఒకటి ఆగి ఉంది. దాని మీద ఎర్రరంగుతో రాసిన పేరు చదవాల్సిన పని నాకు లేకపోయింది. తిరుపతిలో మా వీధి మలుపు దగ్గరికి రోజూ వచ్చి మా పాపను ఎక్కించుకుపోయే వ్యాను కూడా ఆ ప్రైవేటు బడిదే. ఇక్కడి వ్యానులో మాత్రం పిల్లలెవరూ లేరు. డ్రైవరు సీట్లోనే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఎవరైనా వెనక నుంచి పిలుస్తారేమోనని తల వంచుకుని గబగబా బడికి నడిచాను.

వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు పక్కన ఉన్న చిన్న ఊరది. రెండు గదుల సర్కారు బడి. ఐదు తరగతులకూ టీచర్ని నేనొక్కదాన్నే, పిల్లలు ఇరవై ముగ్గురు. ఇరవై మందికి తగ్గిన బళ్ళను పక్క బళ్ళలో కలిపేస్తారని ఆ ఏడంతా మండలాఫీసులో గుసగుసలు. మాకు పక్క బడి అంటే రోడ్డవతలిది. ఆ రోడ్డును నాలుగు వరసలుగా వెడల్పు చేశాక మద్రాసు లారీలకు అక్కడొక ఊరుందన్న స్పృహే లేదు. ఆరేడేళ్ళ పిల్లలు రోజుకు రెండుసార్లు దాన్ని దాటాలి. కాబట్టి నాకు ఒకటే లెక్క. ముగ్గురు పోతే పోవచ్చు, నాలుగో బిడ్డ పోకూడదు.

వ్యాను మరుసటి రోజూ వచ్చింది, ఆ మరుసటి రోజూ వచ్చింది. ఎవరినీ ఎక్కించుకోలేదు. గంటసేపు నిలబడి వెళ్ళిపోయేది. నాలుగో రోజు రెండో తరగతి పిల్లవాడొకడు, "మేడమ్, వచ్చే ఏడు నన్ను ఆ బండ్లో పంపిస్తానన్నాడు మా నాయన" అని ఎంతో సంబరంగా చెప్పాడు. వాణ్ణి ఒక్కటి వేయాలనిపించింది, నిజమే చెప్తున్నాను. పలక తుడుచుకోరా అని ఊరుకున్నాను.

ఊరివాళ్ళకు ఆ వ్యానులో కనిపించింది ఇంగ్లీషు. కాగితం మీద మాదీ ఇంగ్లీషు మీడియమే. పుస్తకాల్లో ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. నేను ఎడమ పేజీ మనిషిని. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంగ్లీషు విషయానికొస్తే పదో తరగతి గట్టెక్కింది గైడు బట్టీపట్టి. నౌన్ తెలుసు, వెర్బ్ తెలుసు, ఆ తర్వాత అంతా అయోమయం. అడ్జెక్టివ్‌కూ అడ్వెర్బ్‌కూ తేడా ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని, పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఏ ట్రైనింగుకు వెళ్ళినా చివరి బెంచీలోనే కూర్చున్నాను.

నాకు గ్రామరు నేర్పింది మా పాప. అప్పుడది నాలుగో తరగతి. సాయంత్రం నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తన గ్రామరు పుస్తకం తెరిచేది.

"అమ్మా, చట్నీ?"

"నౌన్."

"కారం చట్నీ. కారం?"

"అడ్జెక్టివ్."

"మా అమ్మ చట్నీ గబగబా రుబ్బుతుంది. గబగబా?"

నా కత్తి ఆగిపోయేది. "ఎట్లా రుబ్బుతాదో చెప్తాంది కదా, అందుకే అడ్వెర్బ్. నిన్ననే చెప్పినా కదమ్మా!" అని పాప నుదురు కొట్టుకునేది. నేను రాసిన వాక్యాలను ఎర్ర పెన్నుతో దిద్దేది. పదికి నాలుగే వచ్చిన రోజు జాలిపడి పక్కన ఒక నక్షత్రం గీసేది. దాని పెద్దరికానికి ఎంత ముద్దొచ్చేదో, లోపల అంత భయమూ ఉండేది. అది పొరపాటున ఏదైనా తప్పు చెప్తే ఇరవై ముగ్గురు పిల్లలూ ఆ తప్పే నేర్చుకుంటారు.

"ఇదంతా నీకెందుకమ్మా?" అని ఒకరోజు అడిగింది.

"మా బళ్ళో పిల్లలకు చెప్పాల."

"అయితే వాళ్ళకు నేనే టీచర్ని" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం నేర్చుకున్నది పొద్దున చెప్పేదాన్ని. పిల్లల కంటే ఒక్క రోజు ముందున్నాను, అంతే. వాళ్ళు నాలాంటి మొద్దులు కారు. నౌన్ అంటే ఏమిటో చెప్పగానే బర్రె, గడ్డి, క్యాను, మా నాయన, తిరుత్తణి అని అరిచారు. వెర్బ్ అంటే ఒకడు లేచి గెంతి చూపించాడు. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది, వాళ్ళ అవ్వ దగ్గర పెరుగుతోంది. ఒక్క ఆవు పాలు పోసుకుని బతికే ఇల్లు, వ్యానెక్కించే తాహతు లేదు. ఆ పిల్ల కిటికీలోంచి రోడ్డు చూపించి, "లారీ నౌన్. వస్తాంది వెర్బ్. బిరబిరా అడ్వెర్బ్. అంతే గదా మేడమ్?" అంది. అంతా సరిగ్గానే ఉంది. కిటికీ అవతల నిజంగానే లారీ వస్తోంది, దాని వెనకే ఇంకొకటి. పాఠం వదిలేసి అందరం కాసేపు అటే చూస్తూ ఉండిపోయాం.

సెలవులిచ్చేలోపు ఊరికి ఏదో ఒకటి చూపించాలనుకున్నాను. ఊరంతా ఒక్కచోట దొరికేది పాలకేంద్రం దగ్గరే. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఇంటికొకరు క్యాను పట్టుకుని వరసలో నిలబడతారు. పాలల్లో వెన్న ఎంతుందో మిషను చూపించేదాకా ఎవరూ కదలరు. అంతకంటే తీరిగ్గా వినేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? మొదటి బస్సుకే వచ్చి పిల్లల్ని అరుగు ముందు నిలబెట్టాను. చేతులు కట్టుకుని ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్ గడగడా అప్పజెప్పారు. ఆ తర్వాత ఎవరి క్యాను చూపిస్తే దాని మీద ఒక ఇంగ్లీషు వాక్యం, అందులో ఏది నౌనో ఏది వెర్బో. మిషను దగ్గరున్న మనిషి కూడా చెయ్యి ఆపేసి విన్నాడు.

"మన పిల్లోల్లేనా వీల్లు!" అన్నారు ఎవరో.

"మేడమ్ గట్టిదేనబ్బా" అన్నాడు ఇంకొకాయన.

అలా మూడు రోజులు చెప్పించాను. వ్యానుకు పేరు రాయించిన ఒకామె, కొట్టేయించుకుంటానని నాకే చెప్పింది. నాకు కొంచెం పొగరు కూడా తలకెక్కింది, దాచుకోవడమెందుకు.

ఆ మూడు రోజులూ వ్యాను పక్కన ఒక మనిషి నిలబడి వింటూనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో కరపత్రాలు. మొదటి రోజు నా పాఠం అయ్యేదాకా ఒక్క కరపత్రం కూడా పంచలేదు. రెండో రోజు చప్పట్లు కొట్టాడు. అతన్ని నేనెరుగుదును. మా పాప బడిలో పేరెంట్స్ మీటింగులకు గేటు దగ్గర నిలబడి, నమస్కారం పెట్టి మమ్మల్ని లోపలికి పంపేది అతనే. కనీసం మూడో రోజైనా నేను మానుకుని ఉండాల్సింది. మానుకోలేదు.

మూడో రోజు పాఠం కాగానే అతను నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"చాలా బాగా చెప్పించారు మేడమ్. మా స్కూల్ పేరెంట్ ఇంత మంచి టీచరని మాకు గర్వంగా ఉంది. పాప కూడా బాగా చదువుతోందని మిస్ వాళ్ళు చెప్తుంటారు."

వరసలో తలలన్నీ నావైపు తిరిగాయి. అతను అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళి వ్యానెక్కాడు. నన్ను తిట్టలేదు, నా బడిని తిట్టలేదు. అతనన్న దాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు.

ఎవరైనా నాలుగు మాటలు అనేసి ఉంటే నాకు తేలికయ్యేది. ఎవరూ అనలేదు. ఆ నాలుగో తరగతి పిల్ల అవ్వ క్యాను కింద పెట్టి నా ముందుకొచ్చింది.

"నీ బిడ్డ ఆ బండ్లోనే పోతాండాదా తల్లీ?"

"అవునవ్వా."

"పోనీలే, అందురూ అట్లే సేస్తా వుండారు. నేనొక మాట సెప్తా, ఇంటావా? నీ బిడ్డను ఈడికి పిల్సుకోని రా. నీ బిడ్డ ఈడ సాప మింద కూసుంటే మా బిడ్డలు యాడికీ పోరు." వెనక్కి తిరిగి, "ఏమప్పా, పోతారా?" అని అడిగింది.

"మేడమే తన బిడ్డను ఈడ సేర్సినాక మాకేమి? మేమూ ఈడే" అన్నాడొకాయన. వరసంతా అవునంది.

అవ్వ మళ్ళీ నావైపు తిరిగింది. "నా మనవరాల్ని ఆ రోడ్డు దాటించే శక్తి నాకు లేదమ్మా. కండ్లు ఆనవు."

బడి నిలవాలంటే ఏం చెయ్యాలో ఊరే చెప్పేసింది. సరే అంటే చాలు. "మా ఆయన్ని అడిగి చెప్తానవ్వా" అన్నాను.

ఆ సాయంత్రం అడిగాను కూడా. మా ఆయన బట్టలు మడతపెడుతూ, "తీసుకుపో. నీతో వస్తుంది, నీతో పోతుంది. చెప్పేదీ నువ్వే కదా" అన్నాడు. వద్దంటాడని, ఆ వద్దును ఊళ్ళో చూపించి బయటపడదామని ఆశపడి ఉన్నాను. ఇక అడ్డంగా ఉన్నది నేనొక్కదాన్నే. పక్క గదిలో పాప ఇంగ్లీషు కథేదో పైకి చదువుకుంటోంది, ఎక్కడా ఆగడం లేదు. దాన్ని తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెడితే దానికి పాఠం చెప్పేది నేను. నా చదువెంతో నాకు తెలుసు. ఇరవై ముగ్గురు పిల్లలకు సరిపోతుందనుకున్న చదువు నా ఒక్క బిడ్డకు సరిపోదనుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఊరు నా జవాబు కోసం కాచుకుని ఉంది. ఒక్కరూ నోరు తెరిచి అడగలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బస్సు దిగితే నవ్వుతూ పలకరించేవాళ్ళు. ఒకామె చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చేది, ఒకాయన తోటలో మామిడికాయలు సంచిలో వేసేవాడు. ఇంత మర్యాద అంతకుముందు ఎన్నడూ లేదు. అవ్వ మనవరాలు ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, మీ పాపకు ఏ రంగంటే ఇష్టమో కనుక్కోమనింది మా అవ్వ. కొత్త సాప తెస్తాదంట" అంది. ఆ క్షణంలోనైనా రాదని చెప్పేసి ఉండాల్సింది. "నీలం" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పిల్ల పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

బడి ఆఖరి రోజు ప్రోగ్రెస్ కార్డులిచ్చి, గదులకు తాళాలు వేసి, దొరికిన మొదటి బస్సెక్కాను. జవాబు చెప్పలేదు. పాలకేంద్రం దగ్గర వ్యాను ఆ రోజు అరుగుకు ఆనుకుని ఆగి ఉంది, దాని చుట్టూ జనం ఉన్నారు. బస్సు కిటికీలోంచి మొహం తిప్పుకున్నాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు తొమ్మిదిమంది వచ్చారు. ఆ నెలలోనే కాగితం వచ్చింది, నన్నూ ఆ తొమ్మిదిమందినీ రోడ్డవతలి బడికి మార్చారు. పొద్దున రోడ్డు పక్కన పిల్లల్ని ఒకరి చెయ్యి ఒకరి చేత పట్టించి, లారీలకు చెయ్యి అడ్డం పెట్టి దాటిస్తున్నాను. కొన్ని ఆగుతాయి, కొన్ని హారను కొట్టుకుంటూ పోతాయి. వారం తిరిగేసరికి ఎనిమిదిమందే వస్తున్నారు. అవ్వ మనవరాలు మానేసింది. ఇంటికెళ్ళి పిలిచాను.

"నేను దాటిస్తానవ్వా, పంపించు."

"దాటిస్తావులేమ్మా. నువ్వు రాని దినం?" అంది అవ్వ. ఆ గొంతులో కోపం లేదు. నేనేం మాట ఇచ్చినా ఇక నమ్మదని నాకు అర్థమైంది. పిల్ల ఆవు దగ్గర నిలబడి గడ్డి వేస్తూ ఉంది, నావైపు చూడలేదు.

వ్యానెక్కిన పిల్లల్లో ముగ్గురు మా పాప సెక్షన్‌లోనే చేరారు. ఆ తర్వాత నెల ఒక సాయంత్రం పాప షూ విప్పుకుంటూ మామూలుగా చెప్పింది.

"అమ్మా, కొత్తగా వచ్చినోళ్ళు ఉన్నారే, వాళ్ళ మేడమ్ పాప మా బళ్ళోనే చదువుతాదంట. నువ్వేనా అని నన్ను అడిగినారు."

నేను చేస్తున్న పని వదిలేశాను. "ఏం చెప్పావు?"

"కాదని చెప్పినా. మా అమ్మ బ్యాంకులో పనిచేస్తాదని చెప్పినా."

ఊళ్ళో జరిగింది దానికి నేనెప్పుడూ చెప్పలేదు. మా ఆయన్ని అడిగిన ఆ సాయంత్రం పక్క గదిలోంచి ఎంత విందో, విన్నదాన్ని ఇన్ని నెలలు ఎలా దాచుకుందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అది నా మొహంలోకి చూస్తోంది.

"కరెక్టేనా అమ్మా?"

"కరెక్టే" అన్నాను.

ఆ శనివారం పేరెంట్స్ మీటింగుకు మా ఆయన ఒక్కడే వెళ్ళాడు. గేటు దగ్గర ఎవరైనా అడిగితే, అమ్మకు బ్యాంకులో పనుందని చెప్పమని పాపే వాళ్ళ నాయనకు రెండుసార్లు చెప్పి పంపింది.