మూతలు తియ్యుండ్రీ!

ఎల్లం కాకకు ఒకటే జబ్బు. మూత పెట్టిన టిఫిన్ డబ్బా కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఎవరిదని అడగడు. తెరుస్తాడు, ముద్ద తీసి నోట్లో వేసుకుంటాడు, ఆపైన తీరిగ్గా "ఉప్పు జర తక్కువైంది బిడ్డా" అని తీర్పు చెబుతాడు.

గోదావరిఖనిలో బొగ్గు తవ్వి రిటైరై, మెదక్‌లో ఓ షాపుల కాంప్లెక్సుకు వాచ్‌మన్‌గా వచ్చాడు. మధ్యాహ్నం కాగానే వరండాలో పేపర్లు పరిచి "మూతలు తియ్యుండ్రీ!" అని కేకేసేవాడు. ఆ కేకకు రోడ్డు మీది ఆటోవాళ్లు కూడా ఉలిక్కిపడేవారు.

మొదటిరోజే బ్లౌజులు కుట్టే కౌసల్య పోట్లాటకు దిగింది.

"ఏం మనిషివి కాకా? అడగకుండ తింటవా?"

"మా బాయిల గంతేనమ్మా. ముప్పయేండ్లు బాయిలనే తిన్న."

మెదక్‌లో బాయి అంటే పొలం బావే మరి! కౌసల్య కత్తెర కింద పెట్టేసింది.

"అయ్యో, ముప్పయేండ్లా! ఎవ్వలు బయటికి తియ్యలేదా?"

"తియ్యకేం, రోజూ తీసిండ్రు. తెల్లారి మల్ల దిగిన."

పాపం, మతి చెడిన మనిషని ఆమె తన కోడిగుడ్డు కూడా ఆయనకే పెట్టింది. బాయి అంటే బొగ్గుగని అని తెలిశాక గుడ్డు తిరిగిమ్మంది కానీ, అప్పటికే అది కాక కడుపులో చల్లగా పడుంది.

రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే రచనకు మాత్రం ఆ కేకంటేనే భయం. ఆమె డబ్బా రోజూ ఖాళీయే. నర్సాపూర్ నుంచి అమ్మతో వచ్చి కిరాయి గదిలో ఉండేది. వేసవిలో అమ్మ పోయింది. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు, బిస్కెట్లతో పూట గడిపేస్తుంది. డబ్బా తేకపోతే ఎందుకు తేలేదని అడుగుతారు. అడిగితే చెప్పాలి, చెబితే ఏడుపొస్తుంది, ఏడిస్తే అందరూ జాలిపడతారు. ఆ జాలి ఒక్కటే ఆమె ఓర్చుకోలేదు. అందుకే మామూలు రోజుల్లో ల్యాబులోనే తిన్నానని డబ్బా చూపేది, సోమవారం శివుడికి, మంగళవారం హనుమంతుడికి, శుక్రవారం ఎల్లమ్మకు ఉపవాసమనేది.

"ముక్కోటి దేవతలను నువ్వొక్కదానివే సాకుతున్నవా బిడ్డా?" అనేవాడు కాక.

ఒక బుధవారం పెద్దవాన. కరెంటు పోయి ల్యాబు మూస్తే, రచన డబ్బాతో సహా వరండాలో చిక్కుకుపోయింది. అరక్షణంలో డబ్బా కాక చేతిలో ఉంది. మూత తీశాడు. లోపల మెతుకు లేదు. చూరు నీళ్లతో చేతులు కడుగుతున్న కౌసల్య ఇటు తిరగబోతోంది. రచనకు పైప్రాణాలు పైనే పోయాయి.

కాక ఆమె ముఖం వంక చూశాడు. వెంటనే బ్రేవుమని త్రేన్చాడు.

"అబ్బ! ఏం పచ్చిపులుసు బిడ్డా! జర రుచి చూద్దామని మొత్తం ఊడ్చేసిన!"

"అగ్గో! పిల్ల నోటికాడి బువ్వ గుంజుకున్నవా? సిగ్గుండాలె!" కౌసల్య విరుచుకుపడింది. "రా రచనా, నా రొట్టె తిను. ఈ ముసలోనికి ఇయ్యాల పస్తే!"

కాక బుద్ధిగా తలొంచుకుని తిట్లు తిన్నాడు. రచన రొట్టె తింది. కళ్లనిండా నీళ్లొస్తే "కారమక్కా" అంది.

అందరూ లేచాక మెల్లగా అడిగింది.

"కాకా, నీకు ముందే ఎరుకనా?"

"బాయిల సద్ది తెచ్చుకోనోడు లేదని చెప్పడు బిడ్డా, ఆకలైతలేదంటడు. గందుకే అందరి మూతలు తీసి కలుపుకునేటోళ్లం. ఎవలది ఎవలు తిన్నరో ఎవలకెరుక?" ఖాళీ డబ్బాకు మూత పెట్టి ఆమె చేతికిచ్చాడు. "మా ఇంటామె శివమ్మ పోయినంక నేనూ పొయ్యి ముట్టియ్యలే. ఒక్కనికి ముద్ద దిగది."

మరునాడు రచన గదిలో పొయ్యి వెలిగింది. నిజంగానే పచ్చిపులుసు చేసి, అన్నం వండి తెచ్చింది. కాక చెయ్యి చాచాడో లేదో, కౌసల్య టేపుతో ఒక్కటిచ్చింది.

"నిన్న మొత్తం మింగింది చాలదా? జరుగు!"

ఒక్క నిజం చెబితే పులుసు దొరుకుతుంది. కాక ఆ నిజాన్ని కూడా మింగేశాడు.

"తప్పు నాదేనమ్మా" అంటూ పక్కకు జరిగి, ఎవరో పెట్టిన ఉత్త అన్నమే తినబోయాడు. రచన పకపకా నవ్వి, లేచొచ్చి, ఆయన ముందు కూర్చుంది.

"పళ్లెం పట్టు కాకా!"

సగం పులుసు ఆయన అన్నంలో ఒంపేసింది.

"దొంగ చేతికే తాళమిస్తున్నవా పిల్లా!" అని కౌసల్య అరుస్తూనే ఉంది. వాళ్లిద్దరూ తింటూనే ఉన్నారు.