వేళాంగణికి తీసుకెళ్లిన డ్రైవరు

కడప నుంచి మమ్మల్ని వేళాంగణి మాత గుడికి తీసుకెళ్లిన డోన్ ఊరి డ్రైవరును నేను మరచిపోలేను. దారిలో మా వంట సామానూ పడకా అన్నీ ఆయన వ్యానులోనే. బండి ఆపినప్పుడల్లా, "కాళ్లు నొస్తాండాయామ్మా?" అని మా అమ్మను అడిగేవాడు.

గుడి దగ్గర దిగి, "నువ్వూ రాప్పా," అని అమ్మ పిలిచింది.

"నేను రాలేనమ్మా. నా పెండ్లాము జబ్బుతో ఉన్నప్పుడు ఈడికి పిల్చుకపొమ్మని శానా అడిగింది. కిరాయిలుండాయి, వచ్చే నెల పోదామంటి. అంతలోనే పాయ. ఇప్పుడు యా మొగం పెట్టుకొని లోపలికి పోవాల?"

అమ్మ ఆమె పేరడిగి లోపలికి వెళ్లింది. ఆ పేరున కొవ్వొత్తి వెలిగించి వచ్చి, ఆయనకు చెప్పింది.

"గాలికి ఆరిపోలేదు గదమ్మా?" అని అడిగాడు.

"లేదు నాయనా," అంది అమ్మ.

ఆయన స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చాడు.